మాటల వైద్యం మొదలయ్యాక బాధ ఎందుకు పెరుగుతుంది?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. అరవై దాటాయి. భర్త పోయి మూడేళ్లు. ఒక్కగానొక్క కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తాడు. పోయిన ఏడాది ఆవిడకు తిండి తగ్గిపోయింది, రాత్రిళ్లు నిద్ర కరువైంది. కొడుకు సెలవు పెట్టి వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా రాశారు. వారానికి ఒకసారి, నలభై నిమిషాలు. మూడు వారాలయ్యాక ఆ అబ్బాయి మా అరుగు మీద కూర్చుని అడిగాడు: "మాస్టారూ, అక్కడికి వెళ్లొచ్చిన రోజు రాత్రి అమ్మ అన్నం ముట్టడం లేదు. వెళ్లని రోజులే నయంగా ఉంటోంది. మానిపించేయమంటారా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇలాంటప్పుడు పదిమందీ చెప్పే మాటలు రెండున్నాయి. "మొదట్లో అలాగే ఉంటుంది, ఓపిక పట్టండి" అన్నది ఒకటి. "మాటలతో జబ్బు తగ్గుతుందా, మానేయండి" అన్నది రెండోది. రెండూ ఒక్కోసారి నిజమవుతాయి, ఒక్కోసారి మనిషిని ముంచుతాయి. ఏది ఎప్పుడు నిజమో తెలియాలంటే ఈ వైద్యం ఎలా పనిచేస్తుందో కొంత లోతుకు వెళ్లి చూడాలి.

ఓదార్పు వేరు, చికిత్స వేరు

మానసిక చికిత్స అంటే శిక్షణ పొందిన మనిషి, ఒక పద్ధతి ప్రకారం, మాటల ద్వారా చేసే వైద్యం. దీన్నే సైకోథెరపీ అంటారు. పక్కింటివాళ్లు ఓదార్చగలరు, పెద్దవాళ్లు సలహా ఇవ్వగలరు. చికిత్సలో వీటికి మించి ఒక లక్ష్యం ఉంటుంది, దాన్ని చేరే దారి ఉంటుంది, ఎంతవరకు వచ్చామో చూసుకునే కొలత ఉంటుంది. ఈ మూడూ లేకపోతే బోర్డు మీద ఏమి రాసి ఉన్నా అది కబుర్లే.

ఇది చేసేవారిని మనం ఒకే గాటన కట్టేస్తుంటాం. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. వారి పని పరీక్షలు, మాటల చికిత్స. వారు 1992 చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. "కౌన్సెలర్" అన్న పేరుకు మాత్రం చాలాకాలం అలాంటి గట్టి కట్టుబాటు లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వారిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు ఈ వైద్యం కోసం బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలకో, కొండలు దిగి విశాఖకో వెళ్లడం మామూలు. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లినవాళ్లు బాధ పెంచుకుని తిరిగొస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బాధ పెరగడమే చికిత్స అయినప్పుడు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒకామె కళ్లెదుట బస్సు ప్రమాదం జరిగింది. ఆ రోజు నుంచి ఆమె బస్సు ఎక్కడం మానేసింది. కూతురి కాన్పు బరంపురంలో. ఇక్కడి నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. వెళ్లలేక ఇంట్లో కూర్చుని ఏడుస్తోంది.

ఆమె భయాన్ని సున్నా నుంచి వంద దాకా ఉండే కొలబద్ద మీద పెడదాం. ఇంట్లో ఉన్నంతసేపూ భయం 20 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే భయపెట్టే పని ఆమె చేయడం లేదు. చికిత్స మొదలైంది. మొదటి వారం బస్టాండులో అరగంట నిలబడాలి: 50. రెండో వారం ఆగి ఉన్న బస్సులో కూర్చోవాలి: 65. మూడో వారం పక్కనే ఉన్న పాతపట్నం దాకా బస్సులో వెళ్లి రావాలి. మొదటిసారి 80. చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, ఆ రాత్రి నిద్ర లేదు. సరిగ్గా ఆ మర్నాడు "చికిత్సకు ముందు బాగుందా, ఇప్పుడు బాగుందా?" అని అడిగితే ఆమె నిజాయితీగా ఏమంటుంది? "ముందే బాగుంది" అంటుంది. 20 ఎక్కడ, 80 ఎక్కడ!

అదే పాతపట్నం ప్రయాణం రెండోసారి 70 అయింది, నాలుగోసారి 45. ఏడో వారానికి ఆమె బరంపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, భయం 35 దగ్గర ఆగింది. ఇంట్లో ఉన్నప్పటి 20 కంటే ఇది ఎక్కువే. అయినా ఒళ్లో మనవరాలు ఉంది.

ఇక్కడ జరిగిందేమిటంటే, తప్పించుకు తిరగడం భయాన్ని తగ్గించి చూపుతుంది, కానీ బతుకును ఇరుకు చేస్తుంది. బస్సు దిగి పారిపోయిన ప్రతిసారీ "దిగాను కాబట్టి బతికాను" అన్న పాఠమే మెదడులో మిగులుతుంది. దిగకుండా ఉంటేనే "దిగకపోయినా బతికాను" అన్న రెండో పాఠం నేర్చుకునే అవకాశం వస్తుంది. పుండు కడిగేటప్పుడు మండినట్టు, ఈ మంట పనిలో భాగం.

అయితే ఈ మంటకు గుర్తులున్నాయి. ఎందుకు మండుతుందో ఆమెకు ముందే చెప్పారు. ఎంత మోతాదు అన్నది ఆమెతో మాట్లాడి నిర్ణయించారు. అన్నిటికంటే ముఖ్యంగా, అదే మెట్టు మళ్లీ ఎక్కినప్పుడు మంట తగ్గుతూ వచ్చింది. నాలుగోసారి కూడా 80 దగ్గరే ఉంటే, లేదా 90కి చేరితే, "ఓపిక పట్టండి" అన్న మాట ఆ రోజు నుంచి చెల్లదు.

ఎంతమందికి కీడు జరుగుతుంది?

చికిత్స పొందినవారిలో కొందరి పరిస్థితి దిగజారుతుందన్న విషయాన్ని అమెరికా మనస్తత్వవేత్త ఆలెన్ బెర్గిన్ 1966లోనే గట్టిగా ముందుకు తెచ్చారు. నూటికి ఐదు నుంచి పది మంది అన్నది ఈ రంగంలో తరచుగా చెప్పే లెక్క. ఇంగ్లండ్, వేల్స్‌లలో చికిత్స పొందిన 14,587 మందిని అడిగి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స వల్ల తమకు చాలాకాలం నిలిచిన చెడు కలిగిందని 5.2 శాతం మంది చెప్పారు.

ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఊహకు రెండు గుంపులు తీసుకుందాం. చికిత్స పొందిన వందమందిలో 60 మంది బాగుపడ్డారు, 32 మంది ఉన్నట్టే ఉన్నారు, 8 మంది దిగజారారు. చికిత్స అందని మరో వందమందిలో 30 మంది బాగుపడ్డారు, 55 మంది ఉన్నట్టే ఉన్నారు, 15 మంది దిగజారారు. ఇప్పుడు చికిత్స 8 మందిని చెడగొట్టిందనాలా, ఏడుగురిని కాపాడిందనాలా? రెండూ పూర్తి నిజం కాకపోవచ్చు. ఆ 15 మంది లాంటివాళ్లలో పదిమందిని చికిత్స నిలబెట్టి ఉండవచ్చు. మిగిలిన ఐదుగురు ఎలాగూ జారిపోయేవాళ్లే. ఇంకో ముగ్గురు మాత్రం చికిత్సకు రాకపోతే బాగానే ఉండేవాళ్లు. ఐదూ మూడూ కలిపి ఎనిమిది. సగటు చూస్తే చికిత్స గొప్పగా పనిచేసింది. ఆ ముగ్గురూ సగటులో కనబడకుండా పోతారు. దిగజారిన ఒక మనిషి మన ఎదురుగా కూర్చుంటే, ఆ మనిషి ఐదుగురిలో ఒకరో ముగ్గురిలో ఒకరో తేల్చడం కష్టం.

దిగజారడానికి ఒక్కోసారి కారణం వేరే ఉంటుంది. థైరాయిడ్ లోపం కూడా దిగులులాగే కనిపించవచ్చు. దాన్ని చూడకుండా మాటలతోనే నెట్టుకొస్తే నెలలు గడిచేకొద్దీ మనిషి నీరసించిపోతారు. అది మాటల కీడు కాదు, పరీక్ష చేయకపోవడం వల్ల జరిగిన ఆలస్యం.

చికిత్స చేసేవారు ఈ దిగజారుడును కనిపెట్టగలరా? 2005లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం నన్ను చాలా కలవరపెట్టింది. 550 మంది రోగులలో ఎవరు దిగజారతారో ముందుగా చెప్పమని వారికి చికిత్స చేస్తున్నవారినే అడిగారు. వారు ముగ్గురి పేర్లు చెప్పారు. చివరికి దిగజారినవారు 40 మంది. చెప్పిన ముగ్గురిలో నిజమైంది ఒక్కరి విషయంలోనే. వీళ్లు చెడ్డవాళ్లు కారు, పని రానివాళ్లూ కారు. ఎదుటి మనిషి బాగుపడాలని కోరుకునే మనసుకు ఆ మనిషి మునుగుతున్నట్టు కనబడటం కష్టం. అందుకే ప్రతిసారీ ఐదు నిమిషాల చిన్న ప్రశ్నాపత్రం ఇచ్చి, అంకెలను వారం వారం పోల్చి చూసే పద్ధతి వచ్చింది. బీపీ చూసినట్టే ఇదీ.

తిత్లీ లాంటి విపత్తు తర్వాత: అందరితో అన్నీ చెప్పించాలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా కొండల్లో కురిసిన వానకు బరఘరలో కొండచరియ విరిగిపడి ఒకే చోట పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి ఘోరం జరిగినప్పుడు మంచి మనసున్న ఎవరికైనా తోచే ఆలోచన ఒకటుంది: బతికినవాళ్లను వెంటనే కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పించి, గుండెబరువు దింపేయాలి. దీన్నే ఒక చికిత్సగా మలిచి ప్రపంచమంతా వాడారు. డీబ్రీఫింగ్ అని పేరు.

పరీక్షించి చూస్తే ఫలితం తలకిందులైంది. బ్రిటన్‌లో కాలిన గాయాలైనవారిపై జరిపి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా చెప్పించిన గుంపులో 13 నెలల తర్వాత 26 శాతం మందికి ప్రమాదం తాలూకు మానసిక రుగ్మత ఉంది. చెప్పించని గుంపులో 9 శాతమే. చెప్పించిన గుంపువారి గాయాలు మొదటే కాస్త తీవ్రమన్నది ఇక్కడ మరిచిపోకూడదు. తేడా అంతా డీబ్రీఫింగ్ వల్లనే అనలేం. కానీ రోడ్డు ప్రమాదాలకు గురైనవారిని మూడేళ్లు గమనించి 2000లో ప్రచురించిన ఇంకో అధ్యయనమూ అటే మొగ్గింది. మొదట్లో బాగా కలతపడ్డవారిలో, చెప్పించినవారు అలాగే ఉండిపోయారు, చెప్పించనివారు క్రమంగా తేరుకున్నారు. ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల రుగ్మత ఆగదని 2002లో పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది.

ఎందుకిలా? చాలామంది మనసు తనంతట తాను, తన వేగంతో మానుతుంది. కొంత తలుచుకుంటుంది, కొంత పక్కన పెడుతుంది, మళ్లీ తలుచుకుంటుంది. ఆ వేగాన్ని బయటివాళ్లు లాగి పెంచితే గాయం తెరుచుకుంటుంది, ముగింపుకు ఒక్క గంట చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెప్పేది మానసిక ప్రథమ చికిత్స: తలదాచుకునే చోటు, నీళ్లు, తిండి, అయినవాళ్ల జాడ, చెప్పుకుంటే వినే మనిషి. చెప్పకపోతే బలవంతం చేయరు.

నెమరువేత, లేని జ్ఞాపకం

దిగులుతో ఉన్న మనిషి మనసుకు ఒక గుణం ఉంది. జరిగిన దాన్నే తిప్పి తిప్పి నములుతుంది. "ఆ రోజు అలా ఎందుకన్నాను? నాకే ఎందుకిలా?" ఈ నెమరువేత దిగులును పెంచుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఏ దిశా లేని చికిత్స ఈ నెమరువేతకే వారానికో గంట కేటాయించినట్టవుతుంది. బయటికి వచ్చేసరికి మనిషి అలిసిపోతారు, "ఇవాళ చాలా మాట్లాడాను" అనుకుంటారు, గాడి మాత్రం ఇంకో అంగుళం లోతుగా దిగుతుంది.

ఇంతకంటే భయంకరమైన కీడు 1980లు, 90లలో అమెరికాలో జరిగింది. మీ బాధకు చిన్ననాటి అత్యాచారమే మూలమై ఉంటుంది, మీకు గుర్తు లేదంతే, అని కొందరు చికిత్సకులు హిప్నాసిస్‌తో, పదే పదే ఊహించమనడంతో "జ్ఞాపకాలు" రప్పించారు. కుటుంబాలు కోర్టుల పాలయ్యాయి. ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారని చెప్పిన కల్పిత సంఘటనను 24 మందిలో దాదాపు నాలుగో వంతు మంది కొంతో పూర్తిగానో తమ జ్ఞాపకంగా చెప్పారు. చిన్ననాటి హింస నిజంగా జరిగినవాళ్లు ఎందరో ఉన్నారు, వారిని శంకించడానికి ఈ ప్రయోగాన్ని వాడటం అన్యాయం. అది చెప్పేది చికిత్సకుడి ప్రశ్నకు ఉండే బలం గురించి.

ఎవరి లెక్కలో ఎక్కువైంది?

ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు. పదేళ్లుగా అందరికీ తలూపుతూ వచ్చింది, గుండె దడతో డాక్టరు దగ్గరికి చేరింది. చికిత్సలో "నాకు వీలుపడదు" అనడం నేర్చుకుంది. ఆమె దడ తగ్గింది. ఇంట్లో గొడవలు పెరిగాయి. "బంగారంలాంటి పిల్ల, కౌన్సెలింగ్‌కు వెళ్లి పాడైపోయింది" అంటారు అత్తగారు. హాన్స్ స్ట్రప్, సుజాన్ హాడ్లీ 1977లో ఈ ముడినే విప్పి చూపారు. చికిత్స ఫలితాన్ని రోగి ఒక కంటితో చూస్తారు, చుట్టూ ఉన్న సమాజం ఇంకో కంటితో, చికిత్సకులు మరో కంటితో. మూడూ కలవాలని లేదు.

ఆ అత్తగారి మాట పూర్తిగా కొట్టివేయదగ్గదని నేననుకోను. ఇంటి తీరు తెలియకుండా, ఆ మాట అన్నాక వచ్చే తుపానును తట్టుకునే దారి చూపకుండా "వద్దు" అనడం మాత్రమే నేర్పితే, ఆ పిల్ల వారానికి ఒక గంట ధైర్యంగా, మిగతా 167 గంటలు ఒంటరిగా ఉంటుంది.

ఈ సంగతి రోగికి చెప్పాలా?

వైద్యుల్లోనే రెండు వాదాలున్నాయి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఇలాంటి చోట కీడు గురించి మాట్లాడితే గుమ్మం దాకా వచ్చినవాళ్లు కూడా వెనక్కి తిరుగుతారన్నది ఒక వాదం. పైగా "ఎక్కువవుతుంది" అని చెబితే ఆ మాటకే కొందరికి ఎక్కువవుతుంది. ఈ భయంలో నిజం ఉంది.

రెండో వాదం: మాత్రల పొట్లంలో దుష్ప్రభావాల కాగితం ఉన్నప్పుడు మాటల వైద్యానికి ఎందుకు ఉండకూడదు? చెప్పకపోతే రోగి తప్పంతా తన మీద వేసుకుంటారు. "అందరికీ తగ్గింది, నాకే తగ్గలేదు, నేనే సరిగ్గా చేయలేదు" అనుకుని చడీచప్పుడు లేకుండా మానేస్తారు. నేను ఈ పక్షమే. ముందే చెప్పించుకున్న మనిషి మూడో వారం వచ్చి "ఎక్కువైంది" అని నోరు విప్పగలరు. చెప్పించుకోని మనిషి నాలుగో వారం రారు.

చట్టం కూడా ఇటే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, చేయబోయే చికిత్స ఏమిటో, దానికి తెలిసిన దుష్ప్రభావాలేమిటో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. ఆ సమాచారం తనకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో అందాలి.

సరిహద్దులో ఇంకో కారణం: భాష

అర్థమయ్యే భాష అన్న మాట మా ప్రాంతంలో చిన్నది కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు పడిన తెలుగు ఇళ్లలో ఇవాళ వంటింట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరాలు రానివాళ్లు ఎందరో. చికిత్సలో భాగంగా, వచ్చిన ఆలోచనలను డైరీలో రాసుకురమ్మంటే ఏ లిపిలో రాయాలో తోచదు. రెండో భాషలో బాధ చెప్పుకుంటే కొంత దూరం ఏర్పడుతుంది. ఆ దూరం కొందరికి ధైర్యాన్నిస్తుంది, కొందరికి చెప్పింది తమది కానట్టు అనిపిస్తుంది. 14416 నంబరుతో ఫోనులో మానసిక సాయం అందించే టెలీ మానస్ సేవ 20 భాషల్లో ఉంది, వాటిలో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. ఎదురెదురుగా కూర్చుని చేసే చికిత్సలో మాత్రం ఆ వెసులుబాటు అదృష్టం మీదే ఆధారపడుతోంది. ఈ ఊళ్లోనే బడి పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని వాచకాలు రాశారు. వైద్యానికి అలాంటి ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

నాలుగో వారం ఆ పెద్దావిడ వెంట నేనూ వెళ్లాను. కౌన్సెలర్ శ్రద్ధగల అమ్మాయి, తెలుగు రాదు. ఆవిడ తెలుగులో చెబుతారు, కొడుకు ఒడియాలోకి మారుస్తాడు. ఆవిడ "బెంగగా ఉందమ్మా" అన్నారు. కొడుకు "చింతా" అన్నాడు. కౌన్సెలర్ కాగితం తీసి, ఏ ఏ చింతలున్నాయో చెప్పమని, వాటిలో దేనికి ఆధారం ఉందో చూద్దామని ఓపిగ్గా మొదలుపెట్టింది. చింతకైతే ఆ పద్ధతి మంచిదే. మూడు వారాలుగా జరుగుతున్నదీ అదే.

బెంగ చింత కాదు. అమ్మను వదిలి అమ్మమ్మ ఇంట్లో ఉన్న పసివాడికి ముద్ద దిగకపోవడం బెంగ. దానికి ఆధారం అడిగితే ఏమి చూపిస్తారు? అడిగిన కొద్దీ తన బాధ తప్పని చెబుతున్నట్టే వినిపిస్తుంది. పైగా ఎవరి మీద బెంగో ఆ మనిషే పక్కన కూర్చుని మాట మారుస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెబితే కొడుకు పని మానేసి వచ్చేస్తాడేమోనని ఆ తల్లి భయం.

గదిలో ఒక నర్సు ఉంది, ఇచ్ఛాపురం వైపు అమ్మాయి. మాట మార్చడానికి కొడుకు బదులు ఈమె కూర్చుంటే బాగుంటుందేమో అని నేను అడిగాను. కౌన్సెలర్ వెంటనే ఒప్పుకుంది. మేమిద్దరం లేచి బయటికి నడుస్తుంటే వెనక నుంచి నర్సు గొంతు వినిపించింది: "చింతా కాదు మేడమ్, ఝురుఛంతి."

ఆ అబ్బాయి చదువంతా ఒడియాలోనే. ఝురుఛంతి అంటే బెంగపడుతున్నారని. ఆ మాట అతనికి బాగా తెలుసు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వరండాలో బల్ల మీద కూర్చుని తల వంచుకున్నాడు. లోపల తలుపు వేశారు. ఆ రోజు నలభై నిమిషాలు దాటి గంట అయింది. రాత్రి ఆవిడ భోంచేశారో లేదో నేను అడగలేదు. పై వారం మాత్రం ఆటో రాకముందే చీర మార్చుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.